కదలనంతసేపే పహిల్వాన్

సబ్బవరం జంక్షన్‌లో అయిదు నిమిషాలు నిలబడి చూడండి. ఎటు తిరిగినా వేగమే. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరుసల రోడ్డు మనూరిని రాసుకుంటూనే పోతోంది. రాయపూర్ నుంచి 464 కిలోమీటర్ల కొత్త రహదారి వేస్తున్నారు. అదొచ్చి ఆగేదీ ఇక్కడే. లారీకి వేగం. కంటెయినర్‌కి వేగం. కాన్వాయ్‌కి చెప్పనే అక్కర్లేదు. ఇంత వేగం మధ్యలో ఒకే ఒక్కటి నత్తతో పందెం వేసి ఓడిపోతోంది. మా మేనల్లుడి సీఎన్‌సీ రౌటరు.

నవ్వితే నవ్వండి. వాడు ఐటీఐ ఫిట్టరు. మా బావ వడ్రంగి. తండ్రి ఉలితో చేసే పని కొడుకు కంప్యూటరు నడిపే కోత యంత్రంతో చేద్దామనుకున్నాడు. తప్పా? 'ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త' అని ప్రభుత్వమే అంటోంది కదా! సరే, ఈ కుటుంబం తరఫున వీడు. రేకుల షెడ్డు. ఇనప గొట్టాల ఫ్రేము. మూడు మోటార్లు, మూడు స్క్రూలు, కొయ్యడానికో ట్రిమ్మర్. అప్పు సంగతి అడక్కండి.

మొదటి ఆర్డరు వచ్చింది. కొత్తిల్లు కట్టుకున్నాయన గుమ్మానికి టేకు నేమ్‌బోర్డు. రెండడుగుల చెక్క. టిఫిన్ల వేళకి మొదలెడితే మధ్యాహ్నం భోజనాలయ్యాక పూర్తయింది. అక్షరాలన్నీ నల్లగా మాడిపోయాయి. ఇంటాయన బోర్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన చూశాడు. "ఏటి బాబూ, పేరు చెక్కమంటే వాతెట్టేసినావేటి?"

ఇందులో మావాడి తప్పెంత? అమ్మినవాడి తప్పెంత? నేర్పినవాడి తప్పెంత? లెక్క తీద్దాం. లెక్కలంటే మనకి చిరాకు. అందుకేగా అందరూ మనల్ని ఇంత సుఖంగా మోసం చేస్తున్నది!

మోటారుతో మొదలెడదాం. ప్రకటనలో పెద్దక్షరాలు: నెమా 23. 18.9 కేజీ సెంటీమీటర్ టార్క్. హెవీ డ్యూటీ. హై స్పీడ్. మావాడు పొంగిపోయాడు. అందులో మొదటి ముక్కకి అర్థమేంటి? నెమా అనేది అమెరికాలో విద్యుత్ పరికరాలు చేసేవాళ్ల సంఘం. 23 అంటే మోటారు మొహం 2.3 అంగుళాలు, మన కొలతలో సుమారు 58 మిల్లీమీటర్లు. అంతే. బలం ఊసే లేదు. అది బిగించుకోవడానికి పనికొచ్చే కొలత. చొక్కా సైజు చూసి ఎవణ్ణయినా కుస్తీకి దింపుతామా?

రెండో ముక్క ఇంకా రుచి. ఆ 18.9 ఉందే, అది హోల్డింగ్ టార్క్. మోటారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, దాని ఇరుసుని బలవంతంగా తిప్పబోతే ఎంత ఎదురు నిలుస్తుందో ఆ బలం. మళ్లీ చదవండి. కదలకుండా ఉన్నప్పుడు. మనం కొన్నది కదలడానికి. వాడు చెప్పింది కదలనప్పటి లెక్క. అబద్ధం ఒక్కటీ లేదు, మోసం మాత్రం నిండా ఉంది. కుర్చీలో ఉన్నంతసేపూ పులి. లేచి నాలుగడుగులు వెయ్యమంటే ఆయాసం. ఈ జాతి మనకి కొత్తా? అయిదేళ్లకోసారి వరసలో నిలబడి, వేలికి సిరా పూయించుకుని మరీ తెచ్చుకుంటున్నాం.

తిరగడం మొదలెట్టాక ఏమవుతుంది? మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. అడుగుకి 1.8 డిగ్రీలు. ప్రతి అడుగుకీ ఒక తీగచుట్టలో కరెంటు దింపాలి, ఇంకో దాంట్లో ఎక్కించాలి. తీగచుట్టకో జబ్బుంది. కరెంటుని అడగ్గానే లోపలికి రానివ్వదు. ఆ మొండితనం పేరే ఇండక్టెన్స్. నెమ్మదిగా తిరిగితే నిండడానికి తీరుబడి దొరుకుతుంది. వేగం పెంచితే చుట్ట నిండేలోపే తర్వాతి అడుగుకి ఆజ్ఞ వచ్చేస్తుంది. పైగా తిరిగే రోటరు తనవంతుగా ఎదురు వోల్టేజీ పుట్టించి తంతుంది. వేగం పెరిగేకొద్దీ బలం జారిపోతుంది. ఎన్ని చుట్ల దగ్గర ఎంత మిగులుతుందో చెప్పే గీత ఒకటుంటుంది. టార్క్ కర్వ్ అంటారు. వేగం కావాల్సినవాడు చూడాల్సింది ఆ గీతే. మావాడు ఫోన్ చేసి అడిగాడు. "ఫుల్ పవర్ సార్. ఫైవ్ స్టార్ రేటింగ్ సార్." గీత అడిగితే చుక్కలు చూపించాడు.

వేగం రావాలంటే ఏం చెయ్యాలి? మనవాళ్ల జవాబు నోట్లోనే ఉంటుంది. ఇంకా పెద్ద మోటారు పెట్టెయ్! పెద్దదానికి ఇండక్టెన్స్ కూడా చాలాసార్లు పెద్దదే. అదే సన్నకారు సప్లై మీద నెమా 34 బండని తగిలిస్తే చిన్నదానికన్నా ముందే చతికిలబడుతుంది. ఫైలు కదలడం లేదని ఫిర్యాదు చేస్తే, దాని మీద ఇంకో పెద్దాఫీసర్ని కూర్చోబెట్టినట్టు. అసలు మందు వేరు. ఇండక్టెన్స్ తక్కువున్న మోటారు, వోల్టేజీ ఎక్కువున్న సప్లై. ఈ పనిలో నలిగినవాళ్ల మోటు లెక్క ఒకటుంది. మిల్లీహెన్రీల్లో ఉన్న ఇండక్టెన్స్‌కి వర్గమూలం తీసి 32తో గుణించండి. ఆ మోటారుకి పెట్టదగ్గ గరిష్ఠ వోల్టేజీ సుమారుగా అదీ. ఒక మిల్లీహెన్రీకి 32. 2.25కి 48. నాలుగుకి 64. మావాడి కిట్టులో వచ్చిందెంత? 24. మోటారు అర్ధాకలితో పరిగెత్తుతోంది. పోనీ దాని ఇండక్టెన్స్ ఎంతో డేటాషీట్‌లో చూద్దామంటే, డేటాషీట్ ఏదీ? పెట్టెలో ఒక ధన్యవాదాల కార్డు మాత్రం ఉంది. అయిదు నక్షత్రాలివ్వమని బతిమాలుతూ.

ఇంకో సంగతి. ఈ మోటారు పని చెయ్యకుండా నిలబడి ఉన్నా పూర్తి కరెంటు తాగుతుంది. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. చూసినవాడు పాపం ఎంత కష్టపడుతోందో అనుకోవాలి. మంచి డ్రైవర్లలో దీనికో మీట ఉంటుంది. పని లేనప్పుడు కరెంటు సగానికి తగ్గించేస్తుంది. ఈ సదుపాయం డ్రైవర్లకే ఎందుకు? కొన్ని శాఖలకి పెట్టకూడదూ?

డ్రైవర్ అన్నాను కదా, ఆ కథా వినండి. డబ్బా మీద టీబీ6600 అని ఉంటుంది. మూత విప్పితే చాలావాటిలో ఉండేది ఆ చిప్పు కాదు, దాని చిన్న తమ్ముడు. బోర్డు మీద ఒక పేరు, లోపల ఇంకో సరుకు. ఆయుర్వేదమని రాసి అల్లోపతి పొడి కలిపినట్టు. 48 వోల్టులు పెడదామంటే ఈ చవక డబ్బాకి అది గండం. దాని తాహతు 40 దగ్గరే అయిపోతుంది. డీఎం542 రకం అయితే 50 దాకా తట్టుకుంటుంది. అంటే మోటారు మార్చడం కన్నా ముందు సప్లై, డ్రైవర్ మార్చాలి. ఈ ముక్క వీడియోల్లో చెబుతారా? 'ఫ్రెండ్స్, ఈ మోటారు చూడండి, మామూలుగా లేదు' అంటారు. లింకు కిందే ఉంటుంది. కమీషన్ లింకు లోపలుంటుంది.

ఇప్పుడు స్క్రూ. ఇక్కడే మన జిల్లావాడికి సిగ్గు రావాలి. అనకాపల్లి బెల్లం తిని పెరిగినవాళ్లం. చెరుకు గానుగ చూసినవాడికి టార్క్ గురించి ఎవడు చెప్పాలి? మెల్లగా తిరిగితే చెరుకు పిప్పవుతుంది. అదే గానుగని సైకిలు చక్రంలా తిప్పమంటే? ఎడ్లు మొహం చూస్తాయి. స్క్రూ కూడా అదే బేరం. ఒక చుట్టుకి ఎంత దూరం జరగాలో ఎంచుకోవాలి. తక్కువ జరిగితే బలం ఎక్కువ, వేగం సున్నా. ఎక్కువ జరిగితే వేగం వస్తుంది, మోటారు మీద బరువు పడుతుంది. చుట్టుకి జరిగే దూరాన్ని లీడ్ అంటారు. మర పన్నుకీ పన్నుకీ మధ్య దూరాన్ని పిచ్ అంటారు. ఒకే దారం చుట్టిన స్క్రూకి రెండూ ఒకటే. నాలుగు దారాలు చుట్టిన స్క్రూకి పిచ్ 2 అయితే లీడ్ 8. ఈ తేడా అమ్మేవాడికి తెలీదా? తెలుసు. రాయడు.

మావాడు '8 మిల్లీమీటర్ల స్క్రూ, పిచ్ 2' అని చూసి తెప్పించాడు. వచ్చింది నాలుగు దారాలది. 10 సెంటీమీటర్లు జరగమంటే 40 జరిగింది. చివర ఫ్రేముని గుద్ది, కప్లింగ్ విరిగి, షెడ్డులో ఉన్న పిల్లి మూడు రోజులు ఇంటికి రాలేదు. తిప్పి పంపిస్తే? 'వస్తువు వర్ణన ప్రకారమే ఉంది.' నిజమే కదా, పిచ్ 2 అనే రాశారు! ఈ-కామర్స్ నిబంధనలు 2020లో వచ్చాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. 48 గంటల మాట మాత్రం నిలబెట్టుకున్నారు. 'మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం' అన్న సందేశం ఠంచనుగా వచ్చింది. జాతీయ స్థాయి న్యాయ విశ్వవిద్యాలయం మా సబ్బవరంలోనే ఉంది. అయినా పిచ్‌కీ లీడ్‌కీ మధ్య నలిగినవాడికి న్యాయం ఏ సెక్షన్‌లో ఉందో?

అప్పుడు మావాడు పంతంతో ఒకే దారం చుట్టిన 2 మిల్లీమీటర్ల లీడ్ కొన్నాడు. 'యాక్యురసీ ఎక్కువ మావయ్యా' అన్నాడు. అక్కడే తుస్సుమంది. ఈ సన్న స్క్రూలో మోటారు పెట్టిన శ్రమలో సుమారు మూడో వంతే తోపుగా మారుతుంది. మిగతాది నట్టుతో రాపిడికి, వేడికి. మధ్య దళారీ తినేది తిన్నాక రైతుకి మిగిలినంత. బాల్‌స్క్రూ అయితే దాదాపు 90 శాతం చేరుస్తుంది. ఇంకో గండం పొడవు. 8 మిల్లీమీటర్ల స్క్రూని మీటరు దూరంలో రెండు బేరింగుల మీద ఆనించి తిప్పండి. నిమిషానికి ఆరేడు వందల చుట్లు దాటేసరికి స్కిప్పింగ్ తాడులా ఊగడం మొదలెడుతుంది. 600 చుట్లు, చుట్టుకి 2 మిల్లీమీటర్లు. నిమిషానికి 1,200. అక్కడితో సరి. ఏ మోటారు పెట్టినా, ఎన్ని లక్షలు పోసినా సరే. పొడవు సగం చేస్తే నాలుగు రెట్లు తిప్పొచ్చు. పొడవు రెట్టింపు చేస్తే నాలుగో వంతుకి పడిపోతుంది. ఇది భౌతికశాస్త్రం. దీనికి జీవో ఇచ్చి సడలింపు తేలేరు.

ఇంతకీ చెక్క ఎందుకు మాడింది? స్పీడు లేకపోతే ఆలస్యమవుతుంది, అంతేగా అనుకుంటున్నారా? అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. ట్రిమ్మర్ నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతోంది. బిట్టుకి రెండు పళ్లు. నిమిషానికి 60,000 కోతలు. యంత్రం నిమిషానికి జరిగింది 500 మిల్లీమీటర్లు. భాగించండి. ఒక్కో పన్నుకి దక్కిన చెక్క 0.008 మిల్లీమీటరు. తల వెంట్రుకలో ఎనిమిదో వంతు! పన్ను కొరకాలి. కొరకడానికి దానికి ఏమీ దొరకలేదు. రుద్దింది. రుద్దితే వేడి. వేడికి చెక్క మాడింది, బిట్టు మొండిదైంది. చక్కటి కోతకి పన్నుకి కనీసం 0.1 ఇవ్వాలి. నోరు వేగంగా, కాళ్లు నెమ్మదిగా ఉంటే మిగిలేది ఇదే, పొగ. ఈ మధ్య ఇలాంటి పొగ మీకు ఇంకెక్కడన్నా కనిపించిందా? మైకుల చుట్టుపక్కల వెతకండి.

500 కన్నా ఎక్కువ ఎందుకు వెళ్లలేదు? మోటారు సంగతి అటుంచండి. దానికి ఆజ్ఞలిచ్చే చిన్న ఆర్డుయినో బోర్డు మీద జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము సెకనుకి సుమారు 30,000 పల్సులకన్నా ఎక్కువ పంపలేదు. మావాడు 'మైక్రోస్టెప్ ఎంత పెంచితే అంత యాక్యురసీ' అన్న వీడియో చూసి అడుగుని 32 ముక్కలు చేశాడు. చుట్టుకి 6,400 పల్సులు. లీడ్ 2 కాబట్టి మిల్లీమీటరుకి 3,200. భాగిస్తే సెకనుకి 9 మిల్లీమీటర్ల చిల్లర, నిమిషానికి 560. గేటు అక్కడే పడిపోయింది! మైక్రోస్టెప్ నడక నునుపు చేస్తుంది, గోల తగ్గిస్తుంది. ఆ చిన్న చిన్న ముక్కల మీద కచ్చితత్వం మాత్రం హామీ ఇవ్వలేదు. ఒక్క గజం పనిని 32 సమీక్షలుగా చేస్తే గజం పెరుగుతుందా?

ఇంకో మాట చెప్పాలి. ఇది తెలుగువాడు తెలుగువాడికి మాత్రమే చెప్పగలిగింది. ప్రకటనల్లో గరిష్ఠ వేగం రాస్తారు. త్వరణం రాయరు. ఇంగ్లీషులో 'ఎల్' కొయ్యాలంటే రెండు తిన్నని గీతలు. మన లిపో? అంతా వంపులే. 'శ్రీ' ఒక్కటి కొయ్యండి చూద్దాం. యంత్రం ఆగుతూ, తిరుగుతూ, మళ్లీ ఎత్తుకుంటూ ఉండాలి. సెకనుకి 80 మిల్లీమీటర్ల వేగం అందుకోవాలంటే, త్వరణం 200 ఉన్న యంత్రానికి 16 మిల్లీమీటర్ల పరుగు కావాలి. ఆగడానికి ఇంకో 16. మీ గీత పొడవే 30 అయితే? ఆ గరిష్ఠ వేగం జీవితంలో ఒక్కసారీ రాదు. బ్రోషర్‌లోనే పుట్టి బ్రోషర్‌లోనే పోతుంది. తెలుగు బోర్డులు చెక్కేవాడికి ట్రిమ్మర్‌ని మోస్తూ జరిగే, బరువు తక్కువున్న గ్యాంట్రీ, వేగంలోనూ బలం జారని మోటారు కావాలి. శంకుస్థాపనకీ ప్రారంభోత్సవానికీ మధ్య ఎప్పుడూ గరిష్ఠ వేగం అందుకోని పనులు మనకి తెలియనివా?

'ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్' పాతదైపోయింది, ఇప్పుడు 'స్పీడ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్' అంటున్నారు. నిజమే, వేగం చూశాం. విశాఖలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 2025లో 99 పైసలకి ఇవ్వడానికి మంత్రివర్గానికి ఎంతసేపు పట్టింది? ఆ పైసలకి చిల్లర తిరిగి ఇచ్చారో లేదో గానీ, పని మాత్రం చకచకా అయింది. ఉద్యోగాలొస్తాయంటున్నారు. రానివ్వండి, సంతోషం. మా మేనల్లుడికి షెడ్డు మీద కమర్షియల్ మీటరు కావాలి. వాడికి ఆ స్పీడు ఏ కిటికీలో దొరుకుతుంది? 175 నియోజకవర్గాలకి 175 ఎంఎస్ఎంఈ పార్కులన్నారు. అందులో మాది పెందుర్తి నియోజకవర్గం. అంతకు ముందున్నవాళ్లు 30 నైపుణ్య కళాశాలలన్నారు. అంకెలు ఎంత బావుంటాయో! అన్నీ హోల్డింగ్ టార్కులే. ఆ ఫ్లెక్సీ పోయి ఈ ఫ్లెక్సీ వచ్చింది. కడుతున్న తాళ్లు మాత్రం అవే కరెంటు స్తంభాలకి.

ఢిల్లీ వైపు చూద్దామా? పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 వృత్తులు. వరసలో వడ్రంగి పేరు ముందే ఉంది. పనిముట్లకి 15,000 రూపాయల వోచరు, శిక్షణలో రోజుకి 500 భత్యం. మా బావకి ఇది మేలే. కొత్త రంపం, రందా, డ్రిల్లు వస్తాయి. కానీ ఆయన కొడుకు సంగతి? నికరమైన మోటార్లు మూడు, వాటికి తగ్గ డ్రైవర్లు మూడు కొనేసరికే ఆ 15,000 చేతులెత్తేస్తుంది. స్క్రూలు, సప్లై, ఫ్రేము దేవుడిస్తాడా? అప్పుందిగా అంటారు. ఉంది. ముందు లక్ష, తర్వాత రెండు లక్షలు, 5 శాతం వడ్డీ. కాగితం మీద బంగారం. మావాడు ఒక బ్యాంకు మెట్లెక్కి సీఎన్‌సీ రౌటరు అన్నాడు. "రౌటరంటే వైఫైదేనా?" అన్నారు.

బళ్ల సంగతి మరీ విచిత్రం. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి ఇస్తున్నారు. ఒక్కోదానికి 20 లక్షలు. సగం పెట్టడానికి, సగం అయిదేళ్లు నడపడానికి. 2025 బడ్జెట్‌లో ఇంకో 50,000 ప్రభుత్వ బళ్లలో పెడతామన్నారు. మంచిదే. ముందు మీ ఊళ్లో ఉన్న ల్యాబు తాళంచెవి ఎవరి జేబులో ఉందో కనుక్కోండి. తలుపు తీయించి 3డీ ప్రింటరు మీద కప్పిన గుడ్డ ఎత్తండి. లోపల ఏముంటుందో తెలుసా? ఇదే స్టెప్పర్ మోటారు. చాలావాటిలో ఇదే 8 మిల్లీమీటర్ల స్క్రూ. మా మేనల్లుడు వేల రూపాయలు తగలేసి నేర్చుకున్నది తొమ్మిదో తరగతి పిల్ల ఆ యంత్రాన్ని స్క్రూడ్రైవర్‌తో విప్పి ఒక్క సాయంత్రంలో నేర్చుకోగలదు. విప్పనిస్తారా? 'పాడవుతుంది, ఇన్‌స్పెక్షన్ ఉంది.' పాడుకాలేదు, వాడకుండానే పాతబడింది. రిజిస్టరు మాత్రం నూరు శాతం.

ఇక్కడికి వచ్చాం కాబట్టి స్టెప్పర్ మోటారు అసలు గుట్టు చెప్పేస్తాను. దానికి ఓపెన్ లూప్ అని పేరు. కంట్రోలరు 'వంద అడుగులు వెయ్' అంటుంది. పల్సులు పంపుతుంది. పని అయినట్టు రాసేసుకుంటుంది. మోటారు నిజంగా వేసిందా? బరువుకి 12 అడుగులు జారిందా? అడగదు. కనుక్కోదు. కనుక్కునే కన్నే లేదు. మిగతా బొమ్మంతా ఆ 12 అడుగులు పక్కకి జరిగి కొయ్యబడుతూ ఉంటుంది. స్క్రీను మీద మాత్రం 100 శాతం పూర్తి! మనకి ఈ వ్యవస్థ ఎక్కడో తగిలినట్టు లేదూ? పైనుంచి ఆదేశాలు. కింద నుంచి 'కంప్లయిడ్'. మధ్యలో ఎన్ని అడుగులు జారాయో చూసే నాథుడు లేడు. యంత్రాల్లో దీనికి విరుగుడుంది. ఇరుసు వెనక ఎన్‌కోడర్ పెట్టి, చెప్పింది జరిగిందో లేదో చూసుకునే క్లోజ్డ్ లూప్ మోటారు. తేడా వస్తే అలారం కొట్టి ఆగిపోతుంది. పాలనలోనూ ఇలాంటి ఎన్‌కోడర్లు పెట్టుకున్నాం లెండి. సమాచార హక్కు అని ఒకటి, విలేకరి అని ఒకటి. అలారం కొడితే ఏం చేస్తున్నారు? తీగ కత్తిరిస్తున్నారు.

2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్య పథ్‌లో మన శకటం చూశారా? ఏటికొప్పాక బొమ్మలు. మన అనకాపల్లి జిల్లావే. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క అద్దే పని. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చప్పట్లు కొట్టాం, కొట్టాలి కూడా. బయటి దేశాల బొమ్మలు రాకూడదని దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచారు. 2023లో 70 చేశారు. బొమ్మని గుమ్మం దగ్గర ఆపారు సరే. బొమ్మ చేసే యంత్రంలో మోటారు? డ్రైవర్? స్క్రూ? మావాడి షెడ్డులో ఉన్న మూడు పెట్టెల మీదా ఒకే ఊరి ముద్ర, షెన్‌జెన్. మేకిన్ ఇండియా గుర్తు సింహానికి ఒంటినిండా పళ్లచక్రాలే. 2014 నుంచి నడుస్తూనే ఉంది. ఆ చక్రాలని తిప్పే మోటారు ఎక్కడిదో అడిగితే సింహం కరుస్తుందా? 1943లోనే సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ పెట్టి యంత్ర పరికరాలు చేసుకున్నవాళ్లం. ఎనభై ఏళ్ల తర్వాత మీటరు స్క్రూ కోసం ట్రాకింగ్ నంబరు పట్టుకుని కూర్చున్నాం.

ఇంతకీ మావాడు ఏం చేశాడు? అమ్మేవాళ్ల మాట వినడం మానేశాడు. నోటుపుస్తకం తీసి వెనక నుంచి లెక్క వేశాడు. టేకు కొయ్యాలంటే నిమిషానికి 3,000 మిల్లీమీటర్లు చాలు. ట్రిమ్మర్ వేగం 10,000కి దించితే, రెండు పళ్లకీ తలో 0.15 దక్కుతుంది. 10 మిల్లీమీటర్ల లీడ్ ఉంటే మోటారు 300 చుట్లు తిరిగితే సరి. ఆ వేగంలో బలం ఇంకా చేతిలోనే ఉంటుంది. అందుకని అడ్డానికి, నిలువుకి 16 మిల్లీమీటర్ల లావున్న బాల్‌స్క్రూలు, 1610 రకం. మీటరు పొడవున కూడా ఊగవు. 48 వోల్టుల సప్లై, దాన్ని తట్టుకునే డ్రైవర్లు. అడుగుని 32 ముక్కలు కాదు, 8 ముక్కలు. మోటార్లు మాత్రం పాతవే! అంత తిట్టుకున్న ఆ మోటార్లే. కడుపునిండా వోల్టేజీ పెడితే నోరు మూసుకుని పరిగెత్తాయి. పైకీ కిందకీ జరిగే జడ్‌కి మాత్రం పాత 2 మిల్లీమీటర్ల స్క్రూ ఉంచేశాడు. బాల్‌స్క్రూ అయితే కరెంటు పోగానే ట్రిమ్మర్ బరువుకి జారి చెక్కలో దిగబడుతుంది. మన సప్లై సంగతి తెలిసినవాడు కదా.

ఇంటాయనకి కొత్త చెక్క మీద మళ్లీ బోర్డు మొదలెట్టాం. పొగ లేదు. మాడు వాసన లేదు. రవ్వ రవ్వగా పొట్టు రాలుతోంది. మా బావ పొట్టుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నాడు. ఆయన దృష్టిలో అదే పెద్ద సన్మానం. అరగంటలో సగం పేరు తేలింది.

కరెంటు పోయింది.

జడ్ జారలేదు. మిగతా రెండూ ఎక్కడున్నాయో వాటికే తెలీదు. ఓపెన్ లూప్ కదా, కరెంటొచ్చాక ఉన్నచోటే సున్నా అనుకుంటాయి. మావాడు కరెంటాఫీసుకి ఫోన్ చేశాడు. అటునుంచి కీబోర్డు మీద నాలుగు టకటకలు, ఒక ఆవలింత.

"మా దగ్గర సప్లై ఉన్నట్టే చూపిస్తోందండీ."